ఏ సీతారామరాజు? ఏ మల్లయ్య?

విశాఖపట్నం నుంచి విజయనగరం వైపు వెళ్తే పద్మనాభం కొండ కనిపిస్తుంది. మెట్లెక్కితే పైన అనంత పద్మనాభస్వామి గుడి. కిందంతా పంట చేలు. ఆ చేల మధ్య 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంఫిణీ సేనలతో తలపడి అక్కడే ప్రాణం విడిచాడు. పద్మనాభం మండలంలోనే పాండ్రంగి అనే ఊరుంది. యుద్ధం జరిగిన నూట మూడేళ్లకు, 1897 జూలై 4న, ఆ ఊళ్లో అమ్మమ్మగారింట్లో ఒక పిల్లవాడు పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు శ్రీరామరాజు. తర్వాత జనం నోట అల్లూరి సీతారామరాజు అయ్యాడు.

ఈ ఇద్దరినీ చాలామంది ఎరుగుదురు. నేను చెప్పదలచుకున్నది ఇద్దరి మధ్యా నిలబడ్డ మూడో మనిషి గురించి. ఆయన పేరూ సీతారామరాజే. ఇంటిపేరు పూసపాటి.

1757లో బొబ్బిలి యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే విజయనగరం రాజు పెద విజయరామరాజు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. ఆయన తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు 1760లో మశూచితో పోయాడు. అప్పుడు పన్నెండేళ్ల కుర్రవాణ్ని దత్తత తెచ్చుకుని చిన విజయరామరాజుగా పట్టం కట్టారు. ఆ కుర్రవాడికి సవతి అన్న ఈ సీతారామరాజు. పట్టం తమ్ముడికి దక్కితే పెత్తనం అన్నకు దక్కింది. దివానుగా ఆయన మాటే శాసనం. కొండ జమీందారులను ఒక్కొక్కరిగా లొంగదీసి, కొండల అంచుదాకా విజయనగరం అధికారాన్ని పాకించిన కాలం అది. చివరికి కుంఫిణీవాళ్లే ఆయన్ని మద్రాసుకు సాగనంపారు.

మైదానం నుంచి కొండల మీద పెత్తనం నడిపినవాడు ఒక సీతారామరాజు. మైదానంలో పుట్టి కొండవాళ్ల మధ్యకు వెళ్లి, వాళ్ల తరఫున తుపాకీ పట్టినవాడు ఇంకో సీతారామరాజు. ఇద్దరి పేరులోనూ ఒక్క అక్షరం తేడా లేదు. చరిత్ర చదువుకున్నవాళ్లకు తప్ప మొదటి ఆయన ఉన్నట్టే తెలియదు. నాకు దానిమీద ఫిర్యాదేమీ లేదు. కొండ జమీందారులను కోటలో కూర్చోబెట్టి కప్పం వసూలు చేసిన దివాన్‌ని కొండలు ఎందుకు తలచుకోవాలి? అయినా ఒక్క సంగతి మాత్రం మనసులోంచి పోదు. పద్మనాభం యుద్ధంలో పోయిన రాజు కొడుకు నారాయణబాబుకి ఆపదలో అండగా నిలిచింది ఆ కొండ జమీందారులే. పెదతండ్రి చేసినదాన్ని పిల్లవాడి మీద పెట్టలేదు. పూసపాటి సీతారామరాజు కథ తెలియకపోతే కొండవాళ్ల ఈ పెద్దమనసు కూడా మనకు తెలియకుండానే పోతుంది.

ఇప్పుడు సీతారామరాజు అంటే ఒక్కరే. 1974లో వచ్చిన సినిమా తర్వాత, మా తరానికి ఆ ఒక్కరి ముఖం కూడా నటుడు కృష్ణ ముఖమే. ఆ సినిమాలో చాలాభాగం తీసింది చింతపల్లి అడవుల్లోనే. 2022 ఏప్రిల్ 4 నుంచి సీతారామరాజు పేరు జిల్లా పేరు కూడా అయింది. పాడేరు కేంద్రంగా, అరకు లోయను కలుపుకుని అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అంతకంటే పెద్ద గౌరవం ఏముంటుంది? నాకు సంతోషమే. కాకపోతే ఒక పేరు అంతెత్తుకి ఎదిగాక, దాని నీడలో ఎన్ని పేర్లు పడ్డాయో కూడా చూసుకోవాలి. ఆ పేర్లలో నన్ను బాగా వెంటాడేది మల్లయ్య.

మల్లన్న కొండదేవుడు కాబట్టి తూర్పు కనుమల్లో మల్లయ్య, మల్లు, మల్లేసు, మల్లమ్మ లేని ఊరుండదు. అందులో ఇద్దరు మాత్రం ప్రభుత్వ దస్త్రాల్లోకెక్కారు.

మొదటివాడు కొర్రా మల్లయ్య. కొండదొర తెగవాడు. సాలూరు తాలూకా కొర్రవానివలస అతని ఊరు. 1900లో తనకు పూనకం వచ్చిందన్నాడు. జనం వచ్చారు. ఒకరిని చూసి ఒకరు, ఊరిని చూసి ఊరు, నాలుగైదు వేలమంది అతని చుట్టూ పోగయ్యారు. మొదట భజనలూ దండాలే. ఏప్రిల్ వచ్చేసరికి మాట మారింది. పంచపాండవుల్లో ఒకరిని నేనే, మళ్లీ పుట్టానన్నాడు. చంటిబిడ్డ కొడుకుని కృష్ణుడన్నాడు. ఇంగ్లీషువాళ్లను తరిమేసి తానే రాజ్యం ఏలుతానన్నాడు. తుపాకులో? వెదురు కొట్టండి, తుపాకుల ఆకారంలో చెక్కండి, అవి నిజం తుపాకులవుతాయి, సర్కారువాళ్ల ఆయుధాలు నీళ్లయిపోతాయి అన్నాడు.

వెదుళ్లు కొట్టారు. చెక్కారు. భుజాన పెట్టుకుని కవాతు చేశారు. ఈ ముక్క దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పత్తికాయంత ఇనుము కూడా లేని మనుషులు పచ్చి వెదురు కర్రను నున్నగా చెక్కి, దానికి గొట్టం ఉన్నట్టు, మడమ ఉన్నట్టు తీర్చి, వరుసలో నిలబడ్డారు. జిల్లా గెజిటీరు రాసిన తెల్లదొర వీళ్లను మూఢభక్తులన్నాడు. నాకు అది మూఢత్వంగా తోచదు. పోడు మీద, అడవి మీద, కల్లు మీద హక్కు ఒక్కొక్కటే చేజారిపోతున్నప్పుడు చేతిలో ఉన్నది వెదురే కాబట్టి వెదురునే నమ్మారు.

పాచిపెంట మీద పడతామని కబురు పంపారు. మే 1న సంగతి చూద్దామని వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను కొట్టి చంపారు. ఆ ఇద్దరూ ఎక్కడో ఏ ఇంటికో బిడ్డలే. మే 7 తెల్లవారుజామున కలెక్టరు స్వయంగా విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం పోలీసులను వెంటేసుకుని ఆ విడిది మీద పడ్డాడు. వెదుళ్లు వెదుళ్లుగానే ఉండిపోయాయి. పదకొండుమంది చనిపోయారు. అరవైమంది మీద కేసులు పెట్టారు. ఇద్దరిని ఉరితీశారు. మల్లయ్య జైల్లోనే పోయాడు. కృష్ణుడన్న ఆ పసివాడూ బతకలేదు. దాంతో గొడవంతా సద్దుమణిగిందని గెజిటీరు ముగించింది.

రెండోవాడు గాం మల్లు దొర. గాం గంటం దొర తమ్ముడు. బట్టిపనుకుల మునసబుగిరీ నుంచి గంటం దొరను తీసేశారు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కొండవాళ్లచేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. కడుపు మండిన అన్నదమ్ములు అల్లూరితో కలిశారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. ఈసారి చేతిలో వెదురు లేదు. స్టేషన్లలోంచి పట్టుకుపోయిన నిజం తుపాకులే ఉన్నాయి. కొర్రవానివలస జరిగి అప్పటికి ఇరవై రెండేళ్లు. కొర్రా మల్లయ్య వెదురుతో ఆశపడ్డది గాం మల్లు దొర కాలానికి చేతికొచ్చిందని నాకనిపిస్తుంది. ఆ కథ ఈ కథకి దారి చూపిందని చెప్పే కాగితమేదీ నా దగ్గర లేదు. కొండలకు మాత్రం జ్ఞాపకం ఉంటుంది.

1924 మే 7న కొయ్యూరు దగ్గర అల్లూరిని కాల్చేశారు. తేదీ చూశారా? కొర్రా మల్లయ్య విడిది మీద పోలీసులు పడ్డదీ మే 7నే. ఒక మే 7న ఏటేటా పూలమాలలు వేస్తాం, సభలు పెడతాం. రెండో మే 7 ఎవరికీ గుర్తులేదు. అల్లూరి పోయిన కొద్ది రోజులకే గంటం దొర కూడా నేలకొరిగాడు. మల్లు దొర మాత్రం పట్టుబడి, శిక్షపడి, ఏళ్లకేళ్లు జైల్లో మగ్గి, బతికి బయటపడ్డాడు. స్వతంత్ర భారతదేశంలో మొదటి సాధారణ ఎన్నికలొచ్చాయి. విశాఖపట్నం అప్పట్లో ఇద్దరు సభ్యుల లోక్‌సభ నియోజకవర్గం. 1952లో అక్కణ్నుంచి గెలిచినవాళ్లు ఒకరు లంకా సుందరం, రెండోవారు గాం మల్లు దొర. ఇద్దరూ స్వతంత్ర అభ్యర్థులే. ఒక మల్లయ్య జైల్లో పోయాడు. ఇంకో మల్లు జైలు నుంచి వచ్చి పార్లమెంటులో కూర్చున్నాడు. రెండూ యాభై రెండేళ్ల వ్యవధిలో, ఒకే కొండల వరుసలో.

ఈ రెండు పేర్లూ ఇప్పుడు కలగాపులగం అయిపోయాయి. పితూరీల మీద, అంటే కొండల్లో లేచిన తిరుగుబాట్ల మీద, మాట్లాడేటప్పుడు మల్లయ్యను మల్లు దొర అనీ, మల్లు దొరను అల్లూరి అనుచరుడు అనీ ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లను చూశాను. రంప పితూరీదీ అదే గతి. 1879లో మొదలైంది ఒకటి. కల్లు మీద పన్ను, ముఠాదారుల మీద ఒత్తిడి దానికి కారణాలు. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్న దొర నాయకులు. 1922 నుంచి 1924 దాకా సాగింది ఇంకొకటి. రెండూ రంప పితూరీలే. దాంతో మొదటిదాన్ని రెండోదాని ఖాతాలో జమచేసి ఊరుకుంటున్నాం. చంద్రయ్యా తమ్మన్న దొరా ఎవరికీ పట్టని మనుషులైపోయారు.

పేర్లు ఒకటి కావడం కొండల్లో వింత కాదు. అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచంగిపుట్టు వైపు పిల్లలు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే అలవాటు తరాలుగా ఉంది. సోమవారం పుట్టినవాడు సోమ. మంగళవారం పుట్టినవాడు మంగ్లా, బుధవారమైతే బుద్రా, ఆడపిల్ల అయితే బుద్రి. శుక్రవారానికి సుక్రా, సుక్రి. వారానికి ఏడు రోజులే. కొండల్లో మనుషులు వేలల్లో. ఇంటిపేర్లు చూస్తే కొర్రా, కిల్లో, పాంగి, వంతల. అవీ ఎన్నో లేవు. కొర్రా వాళ్లది సూర్యుడి వంశం, కిల్లో వాళ్లది పులి, పాంగి వాళ్లది గద్ద, వంతల వాళ్లది పాము. ఒకే ఇంటిపేరున్నవాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్లలో వాళ్లకు పెళ్లి లేదు. వారం పేరు మనిషి ఎప్పుడొచ్చాడో చెబుతుంది. ఇంటిపేరు ఎవరిలో ఒకడో చెబుతుంది. ఊరు ఎక్కడివాడో చెబుతుంది. ఈ మూడూ కలిస్తేనే మనిషి. కొండల్లో పేరు అంటే ఆ మూడూ కలిపి.

కిందటేడు అరకు లోయలో ఒక ఊళ్లో అటవీ హక్కుల పట్టాలకోసం జాబితా చదువుతుంటే దగ్గరే కూర్చున్నాను. కాఫీ తోటల పక్కన, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో బల్ల వేశారు. బల్ల దగ్గర కుర్రాడు ఓ సుక్రా పేరు పిలిచాడు. నలుగురు లేచారు. తండ్రి పేరు అడిగాడు. ఇద్దరి తండ్రి పేరూ బుద్రానే. కుర్రాడు తలపట్టుకున్నాడు. ముగ్గురు సుక్రాల భూమి ఒకే కొండవాలున ఉంది. ఒకరి గట్టు ఇంకొకరికి సరిహద్దు. ఒక్క అంకె అటూఇటూ అయితే ఒకరి పనసచెట్టు ఇంకొకరి పట్టాలోకి వెళ్తుంది. వెనకాల తలకి గుడ్డ చుట్టుకుని కూర్చున్న ముసలమ్మ లేచి నిలబడింది. 'ఏ సుక్రా బాబూ నువ్వడిగీది? గెడ్డవతల సుక్రానా, పనసచెట్టుకాడ సుక్రానా? మిరియాలు పెట్టినోడు గెడ్డవతలోడు. ఆడి మేనత్త కొడుకు పనసచెట్టుకాడోడు. ఆడికి ఎడంకాలు కాస్త ఈడుస్తది చూడు' అంది. ఒక్క ముక్కలో జాబితా సరిపోయింది. కుర్రాడు బుద్ధిమంతుడు. ఆమె చెప్పినదాన్ని పెన్సిలుతో పేరు పక్కన రాసుకున్నాడు.

అతను రాసుకున్న ఆ పెన్సిలు రాత తర్వాత కంప్యూటర్లోకి ఎక్కిందో లేదో. ఎక్కించడానికి ఆ తెరమీద గడి లేదు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఆధార్ నంబరు, అంతే. దానికి తోడు బడిలో చేర్చుకునే అయ్యవార్లు సుక్రాని శుక్రయ్య చేశారు. రేషన్ కార్డు రాసినాయన సుక్రు చేశాడు. ఒకే మనిషి మూడు కాగితాల్లో మూడు పేర్లవాడయ్యాడు. మూడు వేర్వేరు మనుషులేమో ఒకే కాగితంలో ఒకరయ్యారు. పింఛను ఆగిపోయినప్పుడు, పట్టా వేరేవాడి పేర వచ్చినప్పుడు, దిగువకు పోయి తిరిగి తిరిగి చెప్పుకోవాల్సింది సుక్రానే. ఆ పేరు ముసలమ్మ చెప్పినట్టు రాసివుంటే ఆ తిరుగుడు ఉండేది కాదు.

జనం పేర్లను ఎలా వేరుచేసుకుంటారో చూడాలంటే సత్యనారాయణలను చూడాలి. తూర్పు కనుమల అంచున అన్నవరంలో రత్నగిరి మీద 1891లో సత్యనారాయణస్వామి వెలిశాడు. మొక్కుకుని కన్న బిడ్డలకు ఆ స్వామి పేరే పెట్టారు. అప్పటినుంచి గోదావరి జిల్లాల్లో, విశాఖలో, కొండల కింద ప్రతి వీధిలోనూ ఒక సత్యనారాయణ ఉన్నాడు. అల్లూరి తమ్ముడి పేరు సత్యనారాయణరాజు. అల్లూరికి కుడిభుజం లాంటి అనుచరుడి పేరూ సత్యనారాయణరాజే. ఇంటిపేరు వేగిరాజు. ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలికేవారేమో. జనం ఊరుకోలేదు. వేగిరాజును అగ్గిరాజు అన్నారు. ఆ పేరులో మనిషి నడక, కోపం, ధైర్యం అన్నీ ఉన్నాయి. పట్టుబడ్డాక ఆయన్ని అండమాన్ పంపారు. ప్రభుత్వ కాగితాల్లో వేగిరాజు సత్యనారాయణరాజు ఉన్నాడు. కొండల్లో మాత్రం ఉన్నది అగ్గిరాజే.

తర్వాతి కాలంలో, ఇంకాస్త ఉత్తరాన, పార్వతీపురం ఏజెన్సీలో ఇంకో సత్యనారాయణ వచ్చాడు. ఇంటిపేరు వెంపటాపు, వృత్తి ఉపాధ్యాయుడు. కొండల్లో ఆయన్ని సత్యం మాస్టారన్నారు. గప్పగురు అన్నారు. శ్రీకాకుళం గిరిజన పోరాటానికి ఆదిభట్ల కైలాసంతో కలిసి నాయకత్వం వహించాడు. ఇద్దరూ 1970 జూలై 10న బోరి కొండల్లో పోలీసుల చేతిలో మరణించారు. ఆయన దారిని మెచ్చుకునేవాళ్లున్నారు, తప్పుపట్టేవాళ్లున్నారు. నేను చూసేది వేరు. కొండలు ఆయనకిచ్చిన పేరు బడి నుంచి వచ్చింది. ఏ సత్యనారాయణ అని అడిగే పని ఎవరికీ పడలేదు.

కొండవాళ్లకు ఈ నేర్పు పుష్కలంగా ఉంది. పేరు ఒకటే అయినా మనిషిని మనిషిగా విడదీసి చూడటం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. విడదీయలేకపోతున్నది దిగువనున్న మనమే. కాగితం మీద మనం గాం అనే ఒక్క అక్షరాన్ని కత్తిరించేస్తున్నాం. కొర్రా అనే ఇంటిపేరు వదిలేస్తున్నాం. ఊరిపేరు రాస్తే జాగా చాలదంటున్నాం. దాంతో ఒక్కో పేరున ఒక్క పెద్దమనిషి మిగులుతున్నాడు. మిగతావాళ్లంతా ఆయన పేరుకిందే కరిగిపోతున్నారు. అల్లూరి తన పోరాటాన్ని ఒంటరిగా నడపలేదు. ఆయన చుట్టూ ఉన్నవాళ్లు ఇంటిపేర్లతో, ఊళ్లతో, కుటుంబాలతో ఉన్న మనుషులు. వాళ్లని ఆయన అనుచరులు అనే మాటలో పడేయడం అల్లూరికీ గౌరవం కాదు.

2009 నుంచి అరకుకి సొంత లోక్‌సభ స్థానం ఉంది. ఆ స్థానం లేని రోజుల్లోనే, దానికి యాభై ఏడేళ్ల ముందే, కొయ్యూరు కొండల నుంచి గాం మల్లు దొర ఢిల్లీ వెళ్లాడు. అరకు రైలెక్కి అద్దాల పెట్టెలోంచి లోయను చూసి మురిసిపోయే మనలో ఈ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? అరకులో ఎన్నికల సభలు పెట్టేవాళ్లూ ఆయన పేరు తలుచుకున్నట్టు నేను వినలేదు. బడి గోడల మీద బొమ్మలు వేయించే అయ్యవార్లకు, పంచాయతీ కార్యాలయాల్లో పేర్లు ఎక్కించే కార్యదర్శులకు, పత్రికల్లో రాసే మిత్రులకు ఒక మనవి. మల్లయ్య అని రాసేటప్పుడు ఏ మల్లయ్యో రాయండి. కొర్రవానివలస కొర్రా మల్లయ్య అని రాయండి. బట్టిపనుకుల గాం మల్లు దొర అని రాయండి. సుక్రా అయితే గెడ్డవతల సుక్రా అని రాయండి. గడి సరిపోకపోతే గడిని పెంచండి.